కోసి అతికించిన కొట్టం

నార్సింగిలో ఆ ఇటుకల కొట్టాన్ని కొలవడానికి వెళ్లిన మొదటి రోజు లోపల రెండు బర్రెలున్నాయి. వాటికి గడ్డి వేస్తున్న ముసలావిడ నా చేతిలోని టేపును చూసి, "గా కొసన ఉన్న బర్రె దిక్కు పోకు బిడ్డా, అది తంతది" అంది. మా పరిచయం అలా మొదలైంది.

నేను మాదాపూర్‌లో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేస్తాను. కొట్టం చుట్టూ ఉన్న పొలం అప్పటికే అమ్ముడుపోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కొట్టాన్ని మాత్రం కూల్చకుండా క్లబ్‌హౌస్‌లో కలుపుకుంటామని బిల్డరు అన్నాడట. "జాగ్రత్తగా కొలవండమ్మా, ప్రతి ఇటుక వరసా కావాలి" అని మా సార్ పంపారు. నాకు సంతోషమేసింది. చదువుకున్న ఐదేళ్లలో కోటలు గీశాను, గుళ్లు గీశాను. పశువుల కోసం కట్టినదాన్ని గీయమని ఎవరూ అనలేదు.

ముసలావిడ ఆ ఇంటి కోడలు. భూమిని మరుదులు అమ్మేశారు, ఆమెను ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ చూసీచూడనట్టు ఊరుకుంటే తన బర్రెలను అక్కడే కట్టుకుంటోంది. మూడు రోజులు నేను కొలుస్తుంటే ఆమె చెబుతూ పోయింది.

"ముందుగల గడ్డి కొట్టమే ఉండెనట. ఎండకాలంల అంటుకున్నది. ఎడ్లు కట్టేసినయి కట్టేసినట్టే కాలిపోయినయి. మా మామ తండ్రి మూడు దినాలు అన్నం ముట్టలేదంట. ఇగ గడ్డి వద్దు, ఇటుకలే అన్నడట."

చెరువు ఒండ్రు తెచ్చి, పొలంలోనే బట్టీ పెట్టి, ఊకతో కాల్చుకున్న ఇటుకలవి. ఇప్పటి ఇటుకలో సగం మందం కూడా ఉండవు. గానుగలో నూరిన సున్నంతో రెండడుగుల మందాన గోడ లేపారు. గోడ పైభాగంలో ఒక ఇటుక పెట్టి ఒకటి వదిలారు, లోపల దాచిన గడ్డికి ఆవిరి పట్టకుండా గాలి ఆడాలని. నిప్పు అంటుకుంటే పశువులు ఎటైనా ఉరికేలా రెండు వైపులా తలుపుల్లేని పెద్ద ద్వారాలు పెట్టారు. వాటి అంచు ఇటుకలు గుండ్రంగా చెక్కి ఉన్నాయి. ఎందుకని అడిగాను. ఆమె బర్రె డొక్క మీద చెయ్యేసి, "సూడి బర్రె వస్తుంటే కడుపు ఒరుసుకుంటది గద" అంది.

ఆ అంచును చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాను. పేరున్న ఆర్కిటెక్టు ఎవడూ ఇంత ఆలోచించగా నేను చూడలేదు.

చివరి రోజు ఆమె అడిగింది. "దీన్ని ఏం జేస్తరు బిడ్డా?"

"ఇలాగే ఉంచుతారు అవ్వా. కూల్చరు."

ఆ మాట అన్నది నేనే.

తరువాత నన్ను కొత్తగూడలో వేరే పనికి మార్చారు. ఏడాది దాటాక క్లబ్‌హౌస్ రెస్టారెంటు తెరుస్తున్నారని ఆఫీసు అందరినీ భోజనానికి పిలిచారు. వెళ్లాను.

కొట్టం లేదు. ఉన్నది కాంక్రీటు హాలు. కొట్టం ఇటుకలను రొట్టె ముక్కల్లా పలచగా కోసి, గమ్ముతో గోడకు అతికించారు. సందుల్లో సున్నం రంగు పూశారు. కొట్టంలోని రాతి గాడి కింద చిల్లు పెట్టి, పైన కుళాయి బిగించి, చేతులు కడుక్కునే చోటు చేశారు. నా ముందే ఒకాయన అందులో పుక్కిలించి ఉమ్మాడు. ఉమ్మిలో తమలపాకు ముక్కలు. పశువులు మూతి పెట్టి తిన్న గాడి అది. ప్రతి బల్ల మీద ఎద్దు మెడలో కట్టే గంట. వెయిటరు కావాలంటే ఆడించాలట. తలపాగాలు చుట్టిన వెయిటర్లు గంట మోగిన వైపల్లా పరుగెడుతున్నారు. గాలిలో వాన పడ్డ మట్టి వాసన సీసాలోంచి కొడుతున్నారు. ఆ వాసన, నెయ్యి వాసన, ఎవరిదో సెంటు కలిసి గొంతులోకి వచ్చాయి. ద్వారాల అంచున గుండ్రంగా చెక్కిన ఇటుకల మీద మెనూ కార్డులు నిలబెట్టారు.

వాటన్నిటికీ మధ్య, అద్దం ఫ్రేములో, నేను గీసిన డ్రాయింగు.

సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, కొట్టాన్ని ఉంచుతామన్నారు కదా."

"ఉంచాం కదమ్మా," అన్నారు ఆయన, మాంసం ముక్క నములుతూనే. "మెటీరియల్ మొత్తం అదే. బిల్డింగు సేఫ్ కాదన్నారండి, ఏం చేస్తాం? మీ డ్రాయింగు ఉండబట్టే నీట్‌గా విప్పగలిగారు. చూడండి, అందరూ ఫోటోలు దిగుతున్నారు."

మెచ్చుకోలుగానే అన్నారు. ఆయన పెదవుల చివర నూనె మెరుస్తోంది.

"నా డ్రాయింగు తీసేయించండి సార్."

"అది ఆఫీసు డ్రాయింగమ్మా," అని మరో ముక్క వడ్డించుకున్నారు.

నేనే వెళ్లి ఫ్రేము పట్టుకుని లాగాను. స్క్రూలతో బిగించారు, కదల్లేదు. పక్క బల్ల దగ్గర పిల్లలు తినడం ఆపి చూస్తున్నారు. చేతులు దులుపుకుని, తినకుండా బయటికొచ్చేశాను.

ఆ ఆదివారం వాచ్‌మన్‌ను అడిగి ఆమె జాడ తెలుసుకున్నాను. బోరబండలో కూతురి దగ్గర, మూడో అంతస్తులో కిరాయి ఇంట్లో ఉంది. బర్రెలను అమ్మేసింది. కొట్టం విషయం చెప్పాలని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. చెప్పేలోపే ఆమె అంది.

"కూలగొట్టిన నాడు నేను ఆడనే ఉన్న. గోడ తడిపితే సున్నం ఇడుస్తది, ఇటుక పలగదు అని నేనే చెప్పిన వాళ్లకు. మంచిగ తీస్తే మళ్ల మంచిగనే కడ్తరనుకున్న. నువ్వు చెప్పినవు గద."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

గాడి సంగతి చెప్పాను, ఉమ్మిన సంగతితో సహా. దాచితే నేనూ వాళ్లలాగే మోసం చేసినట్టవుతుందనిపించింది. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "థూ," అంది. "తినేటి దాంట్ల ఉమ్ముతరా ఎవరన్న?"

కూతురు టీ తెచ్చింది. ముగ్గురం తాగాం.

నేను ఉద్యోగం మానలేదు. ఇంటి లోను ఉంది, అమ్మ మందులున్నాయి, కారణాలకేం తక్కువ. ఇప్పటికీ పాత ఇళ్లు కొలవడానికి నన్నే పంపుతారు, బాగా గీస్తానని. ఏం చేస్తారమ్మా అని ఆ ఇళ్లవాళ్లు అడిగితే నాకు తెలియదంటాను. నిజానికి తెలుసు. టేపు చుట్టి సంచిలో వేసుకుంటున్నప్పుడు నా చేతులను చూస్తే నాకే రోత పుడుతుంది.