రెండు ఉప్పు బస్తాలు

మా అత్తగారు నన్ను నమ్మి అంగడిలో బేరం అప్పగించింది ఒక్కసారే. మళ్లీ అప్పగించలేదు. ఆ ఒక్కసారి సంగతే ఇది.

మా అత్తగారి ఊరు రఘునాథపల్లి దగ్గర. నేను కాపురానికి వచ్చిన ఏడాదే నైజాం రాజ్యంలో పోరాటం ముదిరింది. మా ఆయన దళంలో చేరి, ఊరికి కోసు దూరంలో ఉన్న గుట్టల్లో తలదాచుకున్నాడు. రేపేం దొరుకుతుందో, ఎల్లుండి బాటలు ఉంటాయో మూస్తారో తెలియని రోజులు. వానలు పడకముందే ఆరు నెలలకు సరిపడా సరుకులు తెచ్చుకోవాలని అత్త జనగామ అంగడికి బండి కట్టించింది. చింతపండు, బెల్లం, దీపాలకు గ్యాసునూనె తాను చూసుకుంటానంది. ఒక పెసర్ల బస్తా నాకు అప్పజెప్పి, దానికి మారుగా మిరపకాయలు తెమ్మంది.

మిరపకాయల దుకాణానికి పోయే దారిలోనే ఉప్పు దుకాణం ఉంది.

"తీస్కపో బిడ్డా! ఇగ రైల్ల ఉప్పు రాదు" అన్నాడు దుకాణపు ముసలాయన.

ఆయన ప్రతి అంగడికీ, వచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాటే చెబుతాడని అందరికీ తెలుసట. నాకు తెలియదు. పైగా "వద్దు" అనడం నాకు పుట్టుకతోనే రాదు. పెసర్లు ఆయనకిచ్చి, రెండు బస్తాల ఉప్పు బండికి ఎక్కించాను.

అత్త చూసి నెత్తి కొట్టుకుంది. "మిరపకాయలు తెమ్మంటే గీ ఉప్పేందే? కొడుకు అడివిల వడె, కోడలు ఉప్పుల వడె. నేనెట్ల జెయ్యాలె?"

ఊళ్లో ఆడవాళ్లు పనిగట్టుకుని చూడటానికి వచ్చారు. కారం లేని కోడలని పేరు పెట్టారు. ఆ ఏడు మా ఇంటి కూరలు కూడా ఆ పేరు నిలబెట్టాయి.

కానీ ముసలాయన జన్మకొక నిజం చెప్పినట్టున్నాడు. వానలు మొదలయ్యేసరికి జనగామకు ఉప్పు రావడం నిజంగానే ఆగిపోయింది. ఊరంతా చప్పటి జొన్నగట్క తింటుంటే మా ఇంట్లో రెండు బస్తాలు రాజుల్లా కూర్చున్నాయి. కూర్చోబెట్టింది నేనే గనుక, తప్పుగానే కూర్చోబెట్టాను. కింద పలక వేయకుండా పచ్చి నేల మీద దించాను. వాన చెమ్మకు అవి కరిగి కారడం మొదలుపెట్టాయి.

అత్త తిడుతూనే బస్తాలను బల్ల మీదికి ఎత్తించి, కింద గోలెం పెట్టింది. దాంట్లోకి చిక్కటి ఉప్పునీళ్లు దిగాయి. దీపాలు పెట్టిన తర్వాత ఉప్పు ఇంటి గడప దాటకూడదని ఆమె పట్టింపు. పొద్దుగూకాక గిన్నెలతో వచ్చిన వాళ్లకు గరిటెతో ఆ నీళ్లే పోసేది. "ఉప్పియ్యద్దన్నరు గని నీళ్లియ్యద్దన్నరా?" అనేది.

అలా పోస్తూ పోస్తూ ఒకనాడు ఆగిపోయింది. ఆ పొద్దునే, గుట్టల్లో మా ఆయన, తక్కిన దళం వాళ్లు ఉప్పు లేక నీరసపడ్డారని, కాళ్లు లాగేస్తున్నాయంటున్నారని గొర్లు కాసే తాత కబురు తెచ్చాడు. ఊరి బయట పోలీసుల కాపలా. కొంగున కట్టిన పిడికెడు ఉప్పు దొరికినా వదలరు.

"మూటైతే పట్టుకుంటరు. నీళ్ల కడవ నెవడాపుతడు?" అంది అత్త.

మర్నాడు పొద్దున కడవ నెత్తిన పెట్టుకుని, నాట్లు వేసే కూలీలకు నీళ్లు తీసుకుపోతున్నట్టు బయల్దేరాను. అత్త ఖాళీ గంపతో వెనక వచ్చింది.

కడవను ఎవరూ ఆపలేదు. దాహం ఆపింది.

"అమ్మా, జర పానీ పొయ్" అని దోసిలి పట్టాడు కాపలా జవాను.

వద్దనడం రాదని చెప్పాను కదా. పోశాను. ఒక గుక్క తాగి తుపుక్కున ఉమ్మాడు.

"ఏందిది? ఇంత ఉప్పు!"

వెనక గంప కింద పడిన చప్పుడు వినిపించింది. కడవ సర్దుకుంటూ, "మా బాయి గంతే సాబ్. సవుడు నీళ్లు" అన్నాను.

"రోజూ ఇవే తాగుతరా?"

"అలవాటైంది."

నన్ను జాలిగా చూసి, "అయ్యో, పోండమ్మా" అన్నాడు.

గుట్ట మొదట్లో, దళం వాళ్లు వచ్చి తీసుకుపోయే పొద మాటున కడవ దించాం. దించగానే అత్త నవ్వు ఆపుకోలేక రాయి మీద కూలబడింది. "మిరపకాయలు తేలేదు గని, బాయిల కూడ ఉప్పు పోస్తివి గదనే!"

అంత తీయని బావికి మాయని మచ్చ తెచ్చాను. ఆ తర్వాత పోలీసులెవరూ దాని వైపు రాలేదు. నేను మాత్రం వానలు వెళ్లేదాకా కడవ మోశాను. ఊళ్లో ఒక్కరు కూడా మా బావి నీళ్లు బాగుంటాయని నోరు జారలేదు.

మొదటి కడవ వెళ్లిన మూడోనాడు గొర్ల తాత వచ్చి, గొంగడి దులుపుకుంటూ గడప దగ్గర నిలబడ్డాడు.

"నీ మొగడు ఒక మాట జెప్పమన్నడు బిడ్డా. గట్కల ఉప్పెక్కువైందట."

ఈ డెబ్భై ఏళ్లలో నా వంటకు వంకలు చాలామంది పెట్టారు. గర్వంగా దాచుకున్నది ఆ ఒక్క వంకనే.