ముక్కు కుట్టించని ఇల్లు

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవి. నరసరావుపేటలోని నా ఇ.ఎన్.టి. క్లినిక్‌కి ఒక కిరాణా వ్యాపారి ఇంటి నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి పాతికేళ్లు. వారం కిందట దుకాణం షట్టర్ దించుతుంటే ముక్కుకు తగిలిందట. ఇప్పుడు రెండు రంధ్రాలూ పూడుకుపోయాయి. జ్వరం, ముట్టుకోనివ్వనంత నొప్పి.

చూడగానే తెలిసింది, సెప్టల్ యాబ్సెస్. సెప్టమ్ అంటే ముక్కు రంధ్రాల మధ్య గోడ. దెబ్బకు అందులో చేరిన నెత్తురు చీము పట్టింది. ఆలస్యమైతే లోపలి మృదులాస్థి కరిగి ముక్కు దూలం కుంగిపోతుంది. చీము మెదడుకు పాకితే ప్రాణానికే ముప్పు. గాటు పెట్టి చీము తీయాలి, వెంటనే.

"ఇంట్లో ఎవరికైనా నెత్తురు జబ్బులున్నాయా?" అన్నాను.

"మాకట్టాంటియ్యేం లేవు డాక్టరుగారూ," అంది అత్తగారు.

మామూలు రక్తపరీక్షలూ బాగానే వచ్చాయి. కానీ సూది గుచ్చిన చోట నర్సు అదిమిన దూది తడుస్తూనే ఉంది. గాటు పెట్టే ముందు మళ్లీ చూస్తే, ఆ అమ్మాయి ముక్కుకు పుడక కుట్టిన గుర్తు లేదు. అత్తగారిదీ అంతే.

"మీలో ముక్కు కుట్టించరా?"

"మా పుట్టింటి ఆడోళ్లకి కుట్టించం. ఇది మా తమ్ముడి కూతురేగా. మా నాయనమ్మకి కుట్టిస్తే నెత్తురు ఆగలేదంట. అమ్మవారికి పడదని అప్పుడే మానేశారు."

"నెలసరి ఎలా ఉంటుంది?"

"మా ఆడోళ్లందరికీ చానా పోద్ది. అదేం జబ్బా ఏంది?"

నాకు ఒళ్లు మండింది. మేనరికం పుణ్యమా అని అత్తా కోడలూ ఒకే రక్తం. అంత నెత్తురు పోవడం వింతగా తోచే మనిషే ఆ ఇంట్లో లేదు.

కత్తి పక్కన పెట్టి గుంటూరు పెద్దాసుపత్రికి పంపాను, వెనకే నేనూ వెళ్లాను. వాన్ విల్లెబ్రాండ్ జబ్బని తేలింది. నెత్తురు గడ్డకట్టించే ఒక ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండే జబ్బు, వంశంలో వస్తుంది. ఆ ప్రోటీన్ ఎక్కించి అక్కడే చీము తీశాం. దూలం కొద్దిగా కుంగినా ముక్కు నిలిచింది.

అప్పటినుంచి జబ్బుల గురించి అడిగి ఊరుకోవడం లేదు. మీ ఇంట్లో ఏ పని చెయ్యకూడదంటారు, ఎందుకంటారు అని కూడా అడుగుతున్నాను.

చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు కోడలు లేచినా అత్తగారు లేవలేదు.

"మా అక్క కాన్పులో నెత్తురాగక చనిపోయింది. అప్పుడీ మందు ఉందా?"

"ఉందో లేదో గానీ, జబ్బుందనే ఎవరికీ తెలియదమ్మా."

"మా పెద్దమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. రేపు తీసుకొస్తా," అంది.

"రేపు కాదు, ఇవాళే," అన్నాను.