జరగని సంత

2022 వానాకాలం. ఖమ్మంలో నేను పనిచేసే లా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి జూనియర్ చేతిలో ఎప్పుడూ ఒక ప్రో బోనో కేసు, అంటే ఫీజు తీసుకోని కేసు, ఉండాలి. ఆ ఏడు నా వంతుకు ముత్తమ్మ వచ్చింది. ఆమెది భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న కోయ గూడెం.

ఆమె కూతురు ఖమ్మం ఆసుపత్రిలో జ్వరంతో చనిపోయింది. వెంట ఉన్న నాలుగేళ్ల పాప ఎవరి బిడ్డో తెలియక శిశుగృహకు పంపారు. ముత్తమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి విషయం చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందుకు వెళ్లింది. దిక్కులేని పిల్లల బాగోగులు తేల్చే కమిటీ అది. అయినవాళ్లెవరూ రాకపోతే పాపను ‘లీగల్లీ ఫ్రీ’ అని ప్రకటిస్తారు. ఆ తర్వాత ఎవరికైనా దత్తత ఇవ్వొచ్చు.

వాళ్ల గూడెం అంగన్‌వాడీ రిజిస్టర్‌లో పాప పేరూ అమ్మమ్మ పేరూ దొరికాయి. ఇక రెండు వారాల తర్వాతి వాయిదాకు ముత్తమ్మ రావడమే మిగిలింది. ఆమెకు చదువు రాదు, గూడెంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకని చాలా తెలివిగా చెప్పాననుకున్నాను: “అవ్వా, రెండు సంతలైనంక తెల్లారి రా.”

వాయిదా రోజు ఆమె రాలేదు. ఇంకొక్కసారి చూస్తామని, అప్పటికీ రాకపోతే ప్రకటించేస్తామని కమిటీ చెప్పింది. సరిగ్గా వారం తర్వాత ముత్తమ్మ తడిసిన చీరతో మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏమైందని అడగకుండానే అరిచేశాను.

ఆమె బిత్తరపోయింది. “నువ్వు చెప్పినట్టే వచ్చిన గద వకీలమ్మా. రెండు సంతలైనయ్.”

“మూడు వారాలైంది అవ్వా.”

“నడుమ గోదారి పొంగింది. ఆ వారం సంత జరగలే. జరగని సంతను ఎట్ల లెక్కబెడ్తం?”

నాకు సిగ్గేసింది. తప్పు నాదేనని కమిటీకి రాసిచ్చాను. తొమ్మిదో రోజున ఆమెను తీసుకురమ్మన్నారు.

“ఈసారి ఎట్ల గుర్తు పెట్టుకుంటవ్?” అని అడిగాను. ఆమె నా ఫైలుకు కట్టిన తాడు విప్పి, దానికి తొమ్మిది ముడులు వేసింది. “పొద్దుకొకటి విప్పుత. వానొచ్చినా పొద్దయితే పొడుస్తది.”

తొమ్మిదో రోజు నేను వెళ్లేసరికే ముత్తమ్మ కమిటీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. తాడుకు ఇంకా ఒక ముడి ఉంది. అదేమిటని అడిగాను.

“ఇయ్యాలటిది. బిడ్డ చేతికొచ్చినంకనే విప్పుత.”

మధ్యాహ్నానికి పాపను అమ్మమ్మకు అప్పగించమని ఆర్డర్ వచ్చింది. పాప ఆయా కొంగు పట్టుకుని వచ్చింది. శిశుగృహలో ఇన్నాళ్లూ ఎవరితోనూ మాట్లాడలేదట. ముత్తమ్మ కోయ భాషలో ఏదో అంది. పాప కోయలోనే గొణుక్కుంటూ వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. ముత్తమ్మ తాడు చేతికిస్తే, ముడి వేళ్లకు లొంగక పాప పళ్లతో కొరికి విప్పింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఫీజు వదులుకోవడం పెద్ద పనేం కాదు. వాయిదా చెప్పాక “ఎట్ల గుర్తు పెట్టుకుంటవ్?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినడమే నాకు ఇప్పటికీ కష్టం. అయినా వచ్చిన ప్రతివాళ్లనూ అడుగుతున్నాను. మా ఆఫీసులో ఫైళ్లు కట్టే తాళ్లు తరచూ తగ్గిపోతుంటాయి. ఎందుకని మా సీనియర్ అడగరు.