జపాను పుల్లముద్దలకు సాక్షి

ఉరుకుందు సాధించిన మొదటి విజయం జపాను గడ్డ మీద జొన్నరొట్టె కాల్చడం. అది చెప్పినంత తేలిక కాదు. 1946లో తెల్లదొరల పటాలంలో వంటవాడిగా ఓడెక్కి, ఒకయామా అనే సీమలో దిగినప్పుడు అతని చేతికిచ్చిన సరుకు గోధుమపిండీ, డబ్బాల్లో బిగించిన మాంసమూ. పటాలంలోని మరాఠీ సిపాయిలు నెల తిరక్కముందే జొన్నరొట్టె కోసం కలవరించడం మొదలుపెట్టారు. భాష రాని ఉరుకుందు జొన్నకంకి బొమ్మను నేల మీద పుల్లతో గీసి చూపిస్తూ గడపగడపా తిరిగాడు. కొందరు తలుపులు వేసుకున్నారు. ఒక ఇంటివాళ్ళు ఆ బొమ్మను పరీక్షగా చూసి, లోపలికి పోయి, చీపురు తెచ్చి ఇచ్చారు. చివరికి కొండపల్లెలో ఒక ముసలామె బొమ్మను చూసి నవ్వి, అటక మీది నుంచి ఎర్రజొన్నల మూట దించింది. బయట మంచు పడుతుండగా, పెనం లేక సిపాయి ఇనుపటోపీ బోర్లించి దాని మీద వేసిన రొట్టె పూరీలాగా ఉబ్బింది. అతని సొంతూరు నక్కలదిన్నె మనిషి చేతి రొట్టె సముద్రం అవతల ఉబ్బడం అదే మొదలు.

ఆ ముసలామె దగ్గర ఉరుకుందు ఒక వంట కూడా నేర్చుకున్నాడు. జొన్నపిండిని మరిగే నీళ్ళతో పిసికి, నిమ్మకాయలంత ఉండలు చేసి, ఉడికించి, పుల్లకు గుచ్చి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, తీపీ ఉప్పూ కలిసిన పాకంలో ముంచి తినాలి. వాళ్ళ భాషలో దానికేదో పేరుంది గానీ, ఉరుకుందు దానికి పుల్లముద్దలని తెలుగు పేరు పెట్టాడు. ఆ పాకానికి కావలసిన సోయాచిక్కుడు గింజల ఊట మన వైపు దొరకదు కాబట్టి, చింతపండూ బెల్లమూ కాచి ఆ లోటు తీర్చాడు. ముసలామె చూసి ఉంటే మెచ్చుకునేదని అతని నమ్మకం.

పత్తికొండకు పడమట, ఎర్రనేలల నడుమ ఉన్న నక్కలదిన్నెకు 1947లో తిరిగొచ్చిన నాటి నుంచి అతను జపాను ఉరుకుందు. యాభైరెండు కరువులో గంజికేంద్రం పెట్టినప్పుడు ఒక్క మనిషిని కూడా ఖాళీ చెంబుతో పంపలేదన్న పేరు అతనిది. వెయ్యిమంది పెళ్ళికి సంగటి కెలికితే ఉండకట్టదన్న పేరూ అతనిదే. అందుకే ఊరు అతనికి పెద్దగరిటెను అప్పగించింది. నక్కలదిన్నె ఆచారం తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఇనుపగరిటె ఊరందరిదీ. అది ఎవరింట్లో ఉంటే వాళ్ళే ఊళ్ళో పెళ్ళికీ, ఊరమ్మ జాతరైన దేవరకూ పొయ్యి వెలిగించాలి. గరిటె లేనివాడు ఎంత రుచిగా వండినా అది ఇంటివంటే అవుతుంది గానీ విందు కాదు.

అంతకుముందు ఆ గరిటె మహానంది తండ్రి దగ్గర ఉండేది. బస్సు ఆగేచోట బొరుగుల ఉగ్గాని అమ్మే హోటలు నడిపే మహానంది దాన్ని మరిచిపోలేదు. జపాను మాట వచ్చినప్పుడల్లా, జొన్నలు తినే జపానువాణ్ణి ఎవరైనా చూశారా, వాళ్ళు చేపలూ వరన్నమూ తింటారని పత్రికల్లో రాస్తారు కదా అని అడిగేవాడు. ఉరుకుందు పటాలంతో బొంబాయి దాకా పోయి, అక్కడే ఏడాది ఉల్లిగడ్డలు తరిగి వచ్చాడని అతని వాదన. ఉరుకుందు ఎన్నిసార్లు బొమ్మ గీసి చూపించినా, మహానంది చీపురని తప్ప ఇంకోమాట అనేవాడు కాదు.

ఇట్లా ఉండగా 1955లో ఊరిపెద్ద తిమ్మయ్య కర్నూలుకు పోయాడు. కర్నూలు అప్పుడు రాజధాని. పక్క ఊరికి రేడియో పెట్టె ఇచ్చారని తెలిసి, తమకూ ఏదో ఒకటి ఇవ్వాలని ఆయన ఒక ఆఫీసులో కూర్చున్నాడు. ఏం కావాలో ఆయనకే తెలియదు. గోడ మీద జపాను పద్ధతి వరిసాగు అని రాసి ఉంది. అది ఇప్పించమన్నాడు. ఊళ్ళో వరి ఉందా అని వాళ్ళు అడగలేదు, లేదని ఆయన చెప్పలేదు. మరుసటి నెల, జపాను నుంచి వచ్చిన వరిపండితుడు నకానో గారు నక్కలదిన్నెకు దయచేస్తారని కబురందింది. బావి నీళ్ళు తాగడానికే చాలని ఊరు అది. పండగనాడు తప్ప వరి బియ్యం ముఖం చూసినవాళ్ళు తక్కువ.

తిమ్మయ్య ఊరివాళ్ళను పిలిపించాడు. వరి చూపించలేం కాబట్టి భోజనం బాగా పెట్టి పంపుదామన్నాడు. జపాను భోజనం పెట్టగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే. మహానంది ఎదురుచూసిన సమయం అదే. పదిమంది ముందర మాట పెట్టాడు.

“తిమ్మయ్యప్పా, ఆ వచ్చేటాయన పుల్లముద్ద తిని ఇది మా జపానుదే అంటే, నా హోటలు మూసి ఉరుకుందన్న పొయ్యికి కట్టెలు మోస్తా. కాదంటే గరిటె నాకియ్యల్ల.”

“ఇస్తా పోరా. కట్టెలు మొయ్యనీకి భుజానికి గుడ్డ చూసుకోపో,” అన్నాడు ఉరుకుందు.

అతిథి రావడానికి వారం ముందు నుంచీ ఉరుకుందు ఊరికి జపాను మర్యాద నేర్పాడు. అక్కడ దండం పెట్టరు, నడుము దాకా వంగుతారు. ఊరంతా వంగడం మొదలుపెట్టింది. బావి దగ్గర ఒకరు వంగితే ఎదుటివాళ్ళు వంగాలి, ముందు ఎవరు లేస్తే వాళ్ళది అమర్యాద. అందువల్ల నీళ్ళకు పోయిన ఆడవాళ్ళు పొద్దెక్కినా ఇళ్ళకు వచ్చేవాళ్ళు కాదు. నడుము ఏనాడో వంగిపోయిన గిడ్డమ్మవ్వ ఊళ్ళో అందరికన్నా మర్యాదస్తురాలని తేల్చి, ఆమెను మొదటి వరసలో నిలబెట్టారు. ఇన్నేళ్ళూ తనను ఎవరూ గుర్తించలేదని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

డిసెంబరులో జీపు వచ్చింది. నకానో గారు పొట్టిగా, ఎండకు కమిలిన ముఖంతో, నక్కలదిన్నె మనిషిలాగానే ఉన్నాడు. ఆయన ఇంగ్లీషును తెలుగులో చెప్పడానికి గోదావరి వైపు ఆఫీసరు సూర్యారావు వెంట వచ్చాడు. నకానో గారు గిడ్డమ్మవ్వకు వంగి, ఆమె లేచేదాకా తానూ లేవకూడదని అట్లాగే ఉండిపోయాడు. ఆమె ఎట్లా లేస్తుంది? చివరికి ఇద్దరు మనుషులు అవ్వను ఎత్తి పక్కకు తీసుకుపోవలసి వచ్చింది.

తర్వాత ఆయన వరిమడి ఎక్కడని అడిగాడు. తిమ్మయ్య జొన్నచేను చూపించి, వానలు బాగా పడితే ఇదే వరిమడి అవుతుందని చెప్పించాడు. నకానో గారు చేనులోకి దిగి మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. ఆ తర్వాత, వచ్చిన పని మానడం ఎందుకనుకున్నాడో ఏమో, సంచిలోంచి తాడు తీసి, పొడి దుమ్ములో వరసలు కొలిచి, నాట్లు ఎట్లా వెయ్యాలో పుల్లలు గుచ్చి చూపించాడు. ఊరు శ్రద్ధగా చూసింది. వెంకటేశ్వరమ్మ అనే ఆమె ఆ పుల్లలకు చెంబుతో నీళ్ళు కూడా పోసింది.

భోజనానికి తిమ్మయ్య అరుగు మీద విస్తరి వేశారు. ఉరుకుందు పటాలం చొక్కా తొడుక్కుని, కందిపుల్లలకు గుచ్చిన ముద్దలను పాకంలో ముంచి, రెండు చేతులతో వడ్డించాడు. అతని భార్య భీమమ్మ పక్కన పాకం గిన్నె పట్టుకుని నిలబడింది. నకానో గారు ఒక ముద్ద కొరికి, నమిలి, మిగిలింది కూడా తిన్నాడు. పుల్లను తిప్పి చూశాడు. సూర్యారావుతో మెల్లగా ఏదో అన్నాడు. సూర్యారావు దాన్ని తెలుగులో చెప్పాడు.

“చాలా బాగుందంటున్నారండి. కాకపోతే ఇలాంటిది ఆయన ఎప్పుడూ తినలేదటండి.”

ఇంతలో నకానో గారి చూపు పక్కన జీపు డ్రైవరు తింటున్న జొన్నసంగటి మీద పడింది. అది కావాలని సైగ చేశాడు. భీమమ్మ ముద్ద పెట్టి, మీద కారంగా నూరిన ఊరిబిండి పచ్చడి వేసింది. ఆయన తిన్నాడు. కారానికి కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా ఆపలేదు. రెండో ముద్ద అడిగి, సూర్యారావుతో గబగబా చాలా చెప్పాడు. తమది ఉత్తరాన మంచుసీమ అనీ, చలికి వరి పండని ఏళ్ళలో తమ నాయనమ్మ చిరుధాన్యం పిండితో సరిగ్గా ఇట్లాగే ముద్ద కెలికేదనీ, కారం ఒక్కటి తీసేస్తే ఇది తమ ఇంటివంటే అనీ దాని సారాంశం.

మహానంది నిదానంగా లేచి నిలబడ్డాడు.

“విన్నారా, పెద్దలు? సంగటి జపాను వంటంట. అంటే ఈ ఊర్లో ప్రతి ఆడమనిషీ దినామూ జపాను వంటే చేస్తాండాది. చెయ్యనోడు ఉరుకుందన్న ఒక్కడే.”

ఊరు పగలబడి నవ్వింది. ఉరుకుందు తన ఇంటికి పోయి, గోడకు తగిలించిన పెద్దగరిటెను తెచ్చి, తలవంచుకుని తిమ్మయ్య ముందర పెట్టాడు. మహానంది చెయ్యి చాచాడు. ఆ చేతికీ గరిటెకూ నడుమ భీమమ్మ వచ్చి కూర్చుంది. ఆమె మహానందిని చూడలేదు, సూర్యారావు విస్తరిలో సగం తిని వదిలేసిన సంగటిని చూసింది.

“ఏం సారూ, ఇది మీ ఊర్లో తింటారా?”

“లేదమ్మా. మా వైపు ఇది నేనెప్పుడూ చూడలేదండి.”

“ఊరిబిండి?”

“పేరు కూడా వినలేదండి.”

“సారు తెలుగోడే గదా. సారు తినలేదంటే ఇది తెలుగుకూడు కాదన్నట్టే. అట్లయితే మనం ఎవురం, తిమ్మయ్యప్పా?”

ఆ ప్రశ్నకు ఊరు సిద్ధంగా లేదు. తిమ్మయ్య గడ్డం పట్టుకున్నాడు. విషయం గరిటెను దాటి పోయిందని అందరికీ అర్థమైంది. ముందు సూర్యారావును విచారించారు. పొద్దున ఏం తింటావని అడిగితే పెసరట్టు అన్నాడు. అదేమిటో ఎవరికీ తెలియలేదు. మూడు పూటలా వరన్నమే తింటాననీ, చేపలంటే ప్రాణమనీ ఒప్పుకున్నాడు. రంగన్న అనే పెద్దమనిషి లేచి, చేపలూ వరన్నమూ తినేవాళ్ళు జపానువాళ్ళని మహానందే చెప్పాడు కదా, మరి ఈ సారే జపాను మనిషై ఉండాలి, సంగటి రెండు ముద్దలు మింగిన ఆ పొట్టాయన మన తాలూకావాడై ఉండాలి అన్నాడు. దీన్ని కాదనడానికి ఎవరికీ దారి దొరకలేదు. సూర్యారావు తమది ముమ్మాటికీ రాజమండ్రి పక్కనేనని ప్రమాణం చేశాడు. రాజమండ్రి చూసినవాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి ఆ ప్రమాణం చెల్లలేదు.

ఇంత గొడవా ఎందుకని నకానో గారు అడిగాడు. సూర్యారావు చెప్పగలిగినంత చెప్పాడు. ఆయన నవ్వలేదు. ఉరుకుందును దగ్గరికి పిలిచి, ఏ ఊళ్ళో నేర్చుకున్నావని అడిగించాడు. ఒకయామా కొండపల్లె అని ఉరుకుందు చెప్పగానే తల ఊపాడు. అది తమ ఊరికి రైల్లో పోయినా ఎంతో దూరమనీ, అక్కడివాళ్ళు ఏం తింటారో తాను చూడలేదనీ, చూడనిదాన్ని ఔనని గానీ కాదని గానీ అనలేననీ చెప్పించాడు. తమ జట్టులో ఆ కొండల వైపు మనిషి ఒకడున్నాడు. ఇప్పుడు ఒరిస్సాలో వరిమళ్ళ దగ్గర పని చేస్తున్నాడు.

తిమ్మయ్య లేచి తీర్పు చెప్పాడు.

“ఉరుకుందూ, నువ్వు ఈ దొర వెంబడి పో. ఆ కొండమనిషికి నీ ముద్ద తినిపించు. ఔనంటే ఆయన్ను ఈడికే పిల్చకరా, మా ముందర చెప్పల్ల. అంతవరకూ గరిటె నా ఇంట్లో ఉంటాది. ఎవురూ ముట్టేది లేదు.”

“కాదంటే?” అన్నాడు మహానంది.

“కాదంటే నేనే తెచ్చి నీ చేతికిస్తా,” అన్నాడు ఉరుకుందు.

మరుసటి పొద్దున ఉరుకుందు జొన్నపిండి మూటా, కందిపుల్లల కట్టా, చింతపండూ బెల్లమూ సర్దుకుని జీపు వెనక ఎక్కాడు. భీమమ్మ ఊరిబిండి కూడా కట్టి ఇచ్చి, అది మాత్రం ఆ దొరకేనని చెప్పింది. ఊరు ఊరంతా వరసగా వంగింది. జీపు దుమ్ము అణిగాక గానీ ఎవరూ లేవలేదు.

గరిటె తీర్పులో ఉంది కాబట్టి నక్కలదిన్నెలో పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. ముహూర్తాలు పెట్టుకున్న రెండిళ్ళవాళ్ళు దినమూ తిమ్మయ్య అరుగు మీదే కూర్చుంటున్నారు. మహానంది హోటలు తెరిచే ఉంచాడు గానీ, కట్టెలు మోయవలసి వస్తుందేమోనని ఒక గుడ్డ మడిచి భుజాన వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ముద్ద తిన్న మనిషి ఏమన్నాడో ఒరిస్సా నుంచి ఇంతవరకూ కబురు లేదు. పోయేటప్పుడు సూర్యారావు లెక్క చూసి చెప్పిన ప్రకారం, ఉరుకుందు పత్తికొండలో బస్సు దిగవలసిన రోజు 1956 ఫిబ్రవరి 23, గురువారం. అందాకా గరిటె తిమ్మయ్య ఇంట్లోనే.