స్పీకర్లు లేని నెట్ సెంటర్లో మా అత్త కోలాటం

మా అత్త కోలాటం వీడియో ఏదో సైట్‌లో పెట్టారని తెలిసి, ఈ రోజు ఆమెను బద్వేలులో నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. చాలాసేపు ఆగి ఆగి చివరికి బొమ్మ కదిలింది కానీ శబ్దం రాలేదు. వాల్యూమ్ పెంచాను, పేజీ మళ్ళీ తెరిచాను. లాభం లేదు.

నా తిప్పలన్నీ చూస్తూ కూర్చున్న ఓనరు అప్పుడు నోరు విప్పాడు. “పాటలు పెట్టి శానా గోల చేస్తాండారని స్పీకర్లు పీకేసినామక్కా.”

నేను తిట్టేలోపే అత్త లేచి, తెర మీది అడుగులకు సరిగ్గా అందుకుని గొంతెత్తి పాడింది.

“మెల్లగా పెద్దమ్మా, జనం ఉండారు!”

“ఆడ ఎగురుతాండేది నేనే గదప్పా, పాడేదీ నేనే. నా గొంతు గూడా పీకేస్తావా?”

పాట మొత్తం అయ్యాకే బయటికి వచ్చాం. మీ ఊళ్లో ఎవరికైనా వీడియోలో శబ్దం రాకపోతే చెప్పండి, అత్తను పంపిస్తాను.