రోడ్డు చివర అవతలి ఒడ్డుకు పోయాక

ఒక రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ఎవరు తేలుస్తారో నాకు తెలియదు. ఎవరో పెద్దవాళ్ళు ఎక్కడో కూర్చుని మ్యాపు మీద గీత గీస్తారట. గీయనివ్వండి, కాదనను. కానీ ఆ గీత కొసన మనుషులుంటారని, వాళ్ళకూ ఉదయాన్నే వెళ్ళాల్సిన పనులుంటాయని ఒక్కసారైనా తలుచుకుంటారా అంటే, అబ్బే! మా ఊరినైతే ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

నా చిన్నప్పుడు అమలాపురం, రాజోలు మీదుగా వచ్చే రోడ్డు మా ఊళ్ళోనే ఆగిపోయేది. ఎదురుగా వశిష్ఠ గోదావరి. అవతలికి పోవాలంటే పంటు ఎక్కాలి. పంటంటే జీపుల్నీ, గేదెల్నీ, పెళ్ళివారినీ ఒకేసారి ఎక్కించుకుని ఏరు దాటించే బల్లకట్టు. రోడ్డు చివర మాదే కాబట్టి అమలాపురం బస్సు మా రేవులోనే బయల్దేరేది. రాత్రి అక్కడే పడుకునే డ్రైవరుకీ కండక్టరుకీ ఊళ్ళోవాళ్ళే వంతులేసుకుని కూరో పులుసో పంపేవారు. పొద్దున్న కండక్టరు మెట్టు మీద నిలబడి, "ఆయ్, కాలేజీ పిల్లలంతా ఎక్కేశారా అండి? మాస్టారి అమ్మాయి కనపడట్లేదు. ఒక్క నిమిషం చూద్దావండి" అనేవాడు.

ఆ మాస్టారి అమ్మాయిని నేనే. నాన్న ఊరి బడిలో మాస్టారు. నేను అమలాపురంలో డిగ్రీ చదివి, ఆపైన బి.ఇడి. చేసి, ఆయనలాగే టీచరునవ్వాలని ఇంట్లో అందరికీ ఉండేది. నాకైతే మరీ ఉండేది. ఆ చదువంతా ఆ ఒక్క బస్సు మీదే నడిచింది.

తర్వాత వంతెన వచ్చింది. మా రోడ్డుకి జాతీయ రహదారి అని పేరొచ్చింది. ఆ మొదలు కత్తిపూడిలో ఉందనీ, ఈ చివర ఇక మా రేవు కాదనీ, అవతల పాలకొల్లు దగ్గర దిగమర్రు అనీ చెప్పారు. మాకేం బాధనిపించలేదు. పైగా సంబరపడ్డాం! మా కోనసీమలో పెళ్ళివారొస్తుంటే బిందెల్లో పానకం పట్టుకుని పొలిమేర దాకా ఎదురెళ్ళడం మర్యాద. వంతెన మీదుగా వచ్చే మొదటి బస్సుకీ అలాగే ఎదురెళ్ళాలని ఊరంతా కూడబలుక్కుంది. అవతలి ఒడ్డు నుంచి వస్తోంది కాబట్టి అది మగపెళ్ళివారి కిందే లెక్కని ఒక పెద్దాయన తేల్చేశారు. అరటి బోదెలు కట్టారు. ఆడవాళ్ళు మిరియాలు, యాలకులు దంచి పానకం కలిపారు. గుడి పంతులు గారూ, మా చర్చి పాస్టరు గారూ పక్కపక్కన నిలబడ్డారు. సన్నాయి మొదలైంది.

బస్సు వచ్చింది. హారను కొట్టింది. వెళ్ళిపోయింది.

వెళ్తూ వెళ్తూ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మావాళ్ళు, ఎంత అమాయకులో చూడండి, చప్పట్లు కొట్టారు. సన్నాయి వాయించే ఆయన ఆపాలో వద్దో తెలియక ఇంకాసేపు వాయించాడు. పానకం పిల్లలు తాగేశారు. మరునాడు పొద్దున్న కాలేజీకని రోడ్డు మీద నిలబడినప్పుడు గానీ మాకు సంగతి బోధపడలేదు. మా రేవులో పుట్టే బస్సు ఇక లేదు. బోర్డు మీద ఇప్పుడు అవతలి ఊరి పేరుంది. మా ఊళ్ళో స్టాపు లేదు.

నాన్న, మరో నలుగురూ డిపోకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. అక్కడి ఆఫీసరు గారు మర్యాదగానే కూర్చోమన్నారు. నాన్న చేతులు కట్టుకుని, "రోజూ ఆగిన ఊరేనండి. పిల్లలు చదువుకుంటున్నారండి" అన్నారు.

"అప్పుడు మీది చివర కాబట్టి ఆగిందండి మాస్టారూ. ఇప్పుడు మీరు మధ్యలో పడ్డారు. మధ్యలో ఉన్న ఊరూరా ఆపుకుంటూ పోతే ఎక్స్‌ప్రెస్ చివరికి ఎప్పుడు చేరుతుందండి?" అన్నాడాయన నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యలో ఉన్నవాళ్ళు మనుషులు కారా? రోడ్డు వెయ్యడానికి ఎవరి కొబ్బరిచెట్లు కొట్టేశారు? చివర ఉన్నవాళ్ళవా, మధ్యలో ఉన్నవాళ్ళవా? ఇదంతా నోటిదాకా వచ్చింది. నాన్న నా వైపు చూశారు. మింగేశాను. అర్జీ ఇచ్చి, టీ తాగి వచ్చేశాం. ఆ టీ ఎందుకు తాగామా అని ఇప్పటికీ నాకు కోపమే.

ఆ చివరైనా ఒకచోట నిలిచిందా? అదీ లేదు. రోడ్డు నర్సాపురం, మచిలీపట్నం దాటి ఒంగోలు దాకా వెళ్ళిందన్నారు, నెంబరు మారిందన్నారు. చివరగా వెలిగిన దిగమర్రు కూడా మాలాగే మధ్యలో పడింది. ఎవరి వంతు వస్తే వాళ్ళకి తెలుస్తుంది.

ఇక నేను చేసిన పని చెబితే నవ్వుతారు. మా ఇంటి ముందు నుంచి పోయే బస్సు ఎక్కడానికి రోజూ గోదావరి దాటాను. పొద్దున్నే ఆ వేళకి మా ఊళ్ళో ఆటో కూడా దొరికేది కాదు. చీకటితో లేచి, వంతెన మీద అవతలి ఒడ్డుకు నడిచి, అక్కడి అడ్డరోడ్డులో బస్సెక్కి, అదే వంతెన మీద మళ్ళీ ఇవతలికి వచ్చి, మా గుమ్మం చూస్తూ ముందుకు సాగిపోవడం. వానొస్తే వంతెన మీద గొడుగు నిలిచేది కాదు, పుస్తకాలు తడిసేవి. ఎవరైనా, "ఏంటమ్మా ఇంత పొద్దున్నే నడక, ఆరోగ్యానికా?" అని అడిగితే చెంప పగలగొట్టాలనిపించేది.

డిగ్రీ ఆఖరి పరీక్షలు వచ్చాయి. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. పరీక్ష ముందు రాత్రి హాల్ టికెట్‌ని బైబిల్లో పెట్టి, అమ్మ దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. పొద్దున్నే తీసి తనే నా సంచిలో పెట్టేది. ఆఖరి పేపరు నాడు, తొందరలో, అది బైబిల్లోనే ఉండిపోయింది. అడ్డరోడ్డులో బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని సంచి తెరిచాను. లేదు. అప్పటికే బస్సు వంతెన దిగుతోంది.

ముందు అద్దంలోంచి అమ్మ కనిపించింది. టికెట్టు తీసేపాటి వ్యవధి కూడా లేక కాబోలు, బైబిల్ మొత్తాన్నీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రోడ్డు అంచున నిలబడి, ఒక చేత్తో బైబిల్ గుండెకు అదుముకుని, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతోంది. "ఆపండి! మా అమ్మండీ! నా హాల్ టికెట్టండీ!" అని అరిచాను. డ్రైవరు అమ్మను చూశాడు. చూశాడు కాబట్టే స్టీరింగు కుడికి తిప్పి, ఆమెకి తగలకుండా బస్సును పక్కనుంచి పోనిచ్చాడు. కాలు మాత్రం బ్రేకు మీద పెట్టలేదు.

"ఇక్కడ స్టాపు లేదు కదమ్మా. రాజోల్లో దిగి ఇంకోటి చూసుకో" అన్నాడు కండక్టరు.

రాజోల్లో దిగి వెనక్కి ఆటో ఎక్కాను. సగం దారి దాటాక అమ్మ ఎదురైంది. బైబిల్ పట్టుకుని, రాజోలు దాకా నడుద్దామని బయల్దేరి వస్తోంది. ఆటో తిప్పించి, రాజోల్లో దొరికిన బస్సు పట్టుకుని ఇద్దరం అమలాపురం చేరేసరికి కాలేజీ గేటు వేసేశారు. బతిమాలాను. అమ్మ దణ్ణం పెట్టింది. పరీక్ష మొదలై గంట దాటింది, లాభం లేదన్నారు. ఆ పేపరు పోయింది. దాంతో ఆ ఏటి డిగ్రీ పోయింది, బి.ఇడి. ఎంట్రన్సూ పోయింది.

గేటు పక్కన గోడ నీడలో కూలబడ్డాం. అమ్మ కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. నా తల నిమురుతూ అంది:

"ఆ డ్రైవరు గార్ని తిట్టుకోకమ్మా. పాపం, నన్ను చూసుకోలేదు. చూసుంటే ఆపేవారే."

"అవునమ్మా, చూసుండరు" అన్నాను.