కాజాలు కుట్టే చెయ్యి

2007 ఆగస్టు, బుధవారం మధ్యాహ్నం. గదిలో నేను, శిక్షణకు వచ్చిన యువ డాక్టర్లు సుధ, కిరణ్, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన టైలర్ మస్తాన్ గారు. తలుపు బయట వరండాలో ఆయన భార్య కరీమున్ గారు.

ఆ రోజు డైరీలో ఇలాగే మొదలుపెట్టాను. దెయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. వైద్య పరికరాల ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. యంత్రం వింతగా ప్రవర్తిస్తే ముందు ఎర్త్ వైరు చూసేవాణ్ణి.

అప్పట్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో, నరాల జబ్బుల మీద పరిశోధన మొదలుపెట్టిన కుర్ర డాక్టర్లకు ఒక యంత్రం వాడటం నేర్పేవాణ్ణి. దాని తీగచుట్టను తల మీద సరైన చోట ఆనించి మీట నొక్కితే, అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడును తడుతుంది. అవతలి వైపు చేతి బొటనవేలు ఎగురుతుంది. ఆ మాత్రం కదలిక ఉన్న రోగులనే చికిత్సలో చేర్చుకునేవాళ్లు.

మస్తాన్ గారిది గవర్నర్‌పేటలో కుట్టు దుకాణం. కత్తెర పట్టి నెలలైంది.

"బొటనేలు ఒక్కటి వస్తే చాలు సార్. మిగతా నాలిగింటినీ నేను ఒప్పించుకుంటా" అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

సుధ చోటు మార్చి మార్చి ప్రయత్నించింది. ఆయన వేలు కదల్లేదు. ఇంతలో కరీమున్ గారు తలుపు తోసుకుని వచ్చారు. బయట కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతున్నారట. ఎడమచేతి వేలి మీద రక్తపు చుక్క.

"లోపల ఏం చేస్తన్నారండీ? నా కుడిచెయ్యి ఎగిరెగిరి పడతంది. సూది గుచ్చుకుంది చూడండి."

"నువ్వు కుట్టడం మర్చిపోయి డాక్టరమ్మ మీదకి తోస్తావేం?" అన్నారు మస్తాన్ గారు.

నాకు కరెంటు లీకేజీ అనుమానం వచ్చింది. ఎర్త్ సరిగానే ఉంది. కరీమున్ గారిని మళ్లీ వరండాలో కూర్చోమని, కిరణ్‌ని బయట ఆవిడ చేతినే చూస్తూ ఉండమని తలుపు మూశాను. తీగచుట్టను తలకి దూరంగా తిప్పి నొక్కితే 'టక్' శబ్దం అలాగే వస్తుంది, శక్తి మాత్రం తలలోకి వెళ్లదు. అలా నొక్కినప్పుడు ఆవిడ వేలు కదల్లేదని కిరణ్ చెప్పాడు. ఆయన తలకి ఆనించి నొక్కిన ప్రతిసారీ ఎగిరింది. నా తల మీద పెట్టించుకున్నాను. నా వేలు ఎగిరింది, ఆవిడది ఎగరలేదు.

"సార్, స్పందన ఉందని రాయనా, లేదని రాయనా?" అంది సుధ.

"కదలాల్సింది ఆయన వేలు. లేదనే రాయాలమ్మా."

మస్తాన్ గారు తల దించుకున్నారు. సుధ పెన్నుకి మూత పెట్టేసింది. "రేపు పొద్దున ఇంకొక్కసారి చూసి రాస్తాను సార్."

కాదనలేకపోయాను.

తర్వాత కూడా తెలిసినవాళ్లను అడిగాను, దొరికింది చదివాను. దీనికి కారణం ఇప్పటికీ చెప్పలేను. మర్నాడు చూసింది మాత్రం చెబుతాను.

పొద్దున్నే సుధ కరీమున్ గారిని లోపలికి పిలిచి, భర్త కుడిచేతి మీద తన కుడిచెయ్యి వేసి కూర్చోమంది. ఎందుకని అడిగితే, "ఏమో సార్, అలా అనిపించింది" అంది.

మొదట ఆవిడ వేలే ఎగిరింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆవిడదే. ఆ తర్వాతిసారి ఆవిడ వేలు కదల్లేదు. అరచెయ్యి మాత్రం కింది నుంచి ఎవరో తట్టినట్టు కొద్దిగా లేచింది. ఆవిడ మెల్లగా చెయ్యి తీసేశారు. సుధ నొక్కింది. మస్తాన్ గారి బొటనవేలు ఒక్కటే ఎగిరింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ ఎగిరింది.

"చూశావా కరీమా" అన్నారాయన.

సుధ స్పందన ఉందని రాసింది. నేను సంతకం పెట్టాను.

కరీమున్ గారు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.

"నాకిప్పుడు ఏం తెలియట్లేదండీ" అన్నారు, ఏదో పోగొట్టుకున్నట్టు.

కాసేపటికి సంచిలోంచి చొక్కా తీసి, నిన్న ఆపిన కాజా దగ్గర మళ్లీ సూది దింపారు.